సబ్సిడీ లోన్ ఇప్పిస్తానన్న ఏజెంటుకి రెండు ఖాళీ చెక్కులిచ్చాను, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది తెనాలి. నాలుగేళ్లుగా ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నాను. మావారు ఆటో నడుపుతారు. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. సగం ఊళ్లోనే పోతాయి, సగం హైదరాబాద్, బెంగళూరు కొరియర్ చేస్తాం. నెలకి 40 వేల దాకా అమ్మకం ఉంటుంది. కారం మిషను, ప్యాకింగ్ మిషను, చిన్న షెడ్డు పెట్టుకుందామని 4 లక్షల లోన్ కోసం బ్యాంకుకి వెళ్తే ఇల్లు తాకట్టు పెట్టాలన్నారు. తర్వాత ఒకాయన పరిచయమై, 35 శాతం సబ్సిడీ లోన్ ఇప్పిస్తాను, కమిషన్ లోన్‌లో 10 శాతం, ముందు ఖర్చులకి 15 వేలు అన్నారు. ఆ 15 వేలు ఇంకా ఇవ్వలేదు కానీ ఆధార్, పాన్ జిరాక్సులు, సంతకం పెట్టిన రెండు ఖాళీ చెక్కులు ఇచ్చాను. ‘కొత్త యూనిట్ అని రాద్దాం, నాలుగేళ్లుగా చేస్తున్నట్టు ఎక్కడా అనకండి’ అంటున్నారు. ఈలోగా మున్సిపాలిటీ వాళ్లొచ్చి ట్రేడ్ లైసెన్స్ ఉందా అని అడిగి వెళ్లారు. అంతా టెన్షన్‌గా ఉంది. ఇంకో మాట, లోన్ నా పేరు మీద పెట్టాలా, మావారి పేరు మీదా?

సమాధానం:

అమ్మా, మిగతాదంతా తర్వాత, ముందు ఆ రెండు చెక్కుల సంగతి చూడండి. ఇది చదివేటప్పటికి బ్యాంకు తీసి ఉంటే పొయ్యి ఆపేసి వెళ్లండి. చెక్కు బుక్కులో ఆ రెండు ఆకుల నంబర్లు చూసుకుని, ‘ఈ నంబర్ల చెక్కులకి చెల్లింపు ఆపండి’ అని తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. కొంచెం ఛార్జీ పడుతుంది, పడనివ్వండి. ఖాళీ చెక్కు అంటే అంకె వేసే హక్కు అవతలి వాడికి రాసిచ్చినట్టే. రేపు రెండు లక్షలని రాసి బ్యాంకులో వేస్తే, అది బౌన్సయితే, కోర్టు నోటీసు మీ ఇంటికొస్తుంది గానీ ఆయనింటికి రాదు. స్టాప్ చేయించాక ఆయనకి మర్యాదగానే ఒక మెసేజ్ పెట్టండి: ‘లోన్ ఆలోచన మానుకున్నాం, చెక్కులు, జిరాక్సులు తిరిగి ఇచ్చేయండి.’ మెసేజే పెట్టండి, ఫోన్ కాదు. రేపు ఏదైనా తేడా వస్తే చూపించడానికి తేదీతో సహా మీ దగ్గర ఉండాలి.

ఇప్పుడు ఆయన చెప్పిన మాటలు రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం, ఎందుకంటే అక్కడే దొరికిపోయాడు. ‘కొత్త యూనిట్ అని రాద్దాం’ అన్నాడంటే ఆయన మనసులో ఉన్నది పీఎంఈజీపీ. అది 2008లో వచ్చిన పథకం, ఖాదీ కమిషన్ పైనుంచి చూస్తుంది, జిల్లాలో ఖాదీ బోర్డు, పరిశ్రమల కేంద్రం దరఖాస్తులు తీసుకుంటాయి. అది కొత్తగా పెట్టేవాళ్లకే, ఇప్పటికే నడుస్తున్న వ్యాపారానికి ఇవ్వరు. అందులో ఆడవాళ్లకి, కులంతో పని లేకుండా, పల్లెలో పెడితే 35 శాతం, పట్టణంలో పెడితే 25 శాతం సబ్సిడీ. తెనాలి మున్సిపాలిటీ. మరి 35 శాతం ఎక్కణ్నుంచి వచ్చింది? అంటే నాలుగేళ్ల వ్యాపారం దాచాలి, పక్కన ఏ పల్లెటూళ్లోనో షెడ్డు ఉన్నట్టు చూపించాలి. ఒక్క దరఖాస్తులో రెండు అబద్ధాలు, రెండింటి కిందా సంతకం మీది. తనిఖీకి వచ్చినవాళ్లు ‘యూనిట్ ఎక్కడమ్మా’ అంటే చూపించాల్సింది మీరు, సబ్సిడీ వెనక్కి కట్టమంటే కట్టాల్సింది కూడా మీరే. ఆయన పేరు ఏ కాగితం మీదా ఉండదు, అదే ఆ వృత్తిలో ఉన్న సుఖం.

లెక్క కూడా వేసి చూడండి. 4 లక్షల మీద 10 శాతం 40 వేలు, ముందు ఖర్చుల 15 వేలు, మొత్తం 55 వేలు. ఇది ఈరోజు చేతి నుంచి పోయే నగదు. సబ్సిడీ 35 శాతం నిజంగా వచ్చిందే అనుకుందాం, అది 1 లక్షా 40 వేలు. అది మీ చేతికి రాదు. ఈ సంగతి ఏజెంట్లు ఎవరూ చెప్పరు. సబ్సిడీ మీ పేరున బ్యాంకులోనే విడిగా పెట్టి ఉంచుతారు, మూడేళ్లు వాయిదాలు సరిగ్గా కట్టి, యూనిట్ నడుస్తూ ఉంటే అప్పుడు దాన్ని అప్పులో సర్దుతారు. మూడేళ్ల తర్వాత వచ్చే దాని కోసం ఇప్పుడు 55 వేలు. ఇది కాక మీ వాటా డబ్బు వేరే పెట్టాలి. నెలకి 40 వేల అమ్మకంలో నూనె, మిరపకాయలు, సీసాలు, కొరియర్ పోను మీకు మిగిలేది ఎంతో నాకంటే మీకే బాగా తెలుసు. ఆ 55 వేలు ఎన్ని నెలల రెక్కల కష్టమో మీరే లెక్కేసుకోండి.

మిమ్మల్ని తప్పు పట్టడానికి చెప్పట్లేదు, నేనూ ఈ గోతిలో పడ్డవాడినే. పేపర్ ప్లేట్ల మిషను పెట్టుకుందామని ఒకాయనకి ప్రాజెక్ట్ రిపోర్ట్ కోసం 12 వేలు ఇచ్చాను. స్పైరల్ బైండింగ్, రంగు అట్ట, చూస్తే ముచ్చటేసింది, లోపల ఒక్క పేజీ చదవలేదు. బ్యాంకు మేనేజర్ కళ్లజోడు సర్దుకుని ఒక్కో పేజీ తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగి, ‘ఏవండీ, పేపర్ ప్లేట్లకి పచ్చిగడ్డి ఎందుకండీ?’ అన్నాడు. చూస్తే నెలవారీ ఖర్చుల్లో పశుగ్రాసం అని ఒక లైను, పక్కన అంకె కూడా. ఎవరిదో డెయిరీ రిపోర్టుకి మొదటి పేజీ మార్చి నా పేరు వేశాడు మహానుభావుడు. ఆ సిగ్గుతో ఆర్నెల్లు ఆ బ్యాంకు ఉన్న వీధిలోకి వెళ్లలేదు. తర్వాత అదే రిపోర్టు పరిశ్రమల కేంద్రంలో ఒక పెద్దాయన పక్కన కూర్చోబెట్టుకుని, నాతోనే అంకెలు చెప్పించి, ఓ మధ్యాహ్నంలో రాయించాడు, టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు. మీకు నేను చెప్పదలుచుకున్నది కూడా అదే: ఏజెంటు డబ్బు తీసుకుని చేసే పని చేయడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టారు, వాళ్ల కుర్చీ ఎక్కడుందో తెలియకే మనం మధ్యలో వాళ్లకి కడుతున్నాం.

మీ పరిస్థితికి సరిపోయేది పీఎంఈజీపీ కాదు, పీఎంఎఫ్ఎంఈ అనే ఇంకొకటి ఉంది. చిన్న చిన్న ఆహార తయారీదారుల కోసం 2020 జూన్‌లో మొదలుపెట్టారు. పచ్చళ్లు, పొడులు, అప్పడాలు, చిరుధాన్యాల బిస్కెట్లు, ఇలా ఇంటి వంటగదిలో పుట్టిన వ్యాపారాల కోసమే అది. ఇందులో నాలుగేళ్లుగా చేస్తున్నానని దాచాల్సిన పని లేదు, పైగా అదే మీకు బలం, నడుస్తున్న యూనిట్లని పెంచడానికే ముందు దీన్ని పెట్టారు. సబ్సిడీ 35 శాతం, గరిష్టంగా 10 లక్షలు, పల్లె పట్టణం తేడా లేదు. మీ వాటా కనీసం 10 శాతం. అంటే 4 లక్షల ప్రాజెక్టుకి 40 వేలు మీరు పెట్టాలి, ఆ ఏజెంటు కమిషన్ ఎంతో సరిగ్గా అంతే, చూశారా. ఒక జిల్లా ఒక ఉత్పత్తి అని జాబితా ఒకటుంది, మీ వస్తువు అందులో లేకపోతే రాదేమోనని చాలామంది వెనక్కి తగ్గుతారు, లేనివాళ్లకీ ఇస్తున్నారు. భూమి కొన్న ఖర్చు మాత్రం ప్రాజెక్టులో కలపనివ్వరు. కుటుంబంలో ఒకరికే. ఐదేళ్ల పథకమని మొదలుపెట్టి 2025-26 దాకా పొడిగించారు, కాబట్టి మీరు వెళ్లగానే మొదట అడగాల్సిన మాట ‘ఈ ఏడాది దరఖాస్తులు తీసుకుంటున్నారా, మన జిల్లాకి ఇంకా టార్గెట్ మిగిలి ఉందా’ అని. లేదంటే ఏం చేయాలో కింద చెప్తాను.

దీనికి జిల్లాకి కొందరు రిసోర్స్ పర్సన్లని పెట్టారు, అందరూ డీఆర్‌పీ అంటారు. ప్రాజెక్ట్ రిపోర్ట్ రాయడం, ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఎక్కించడం, బ్యాంకు చుట్టూ తిరగడం, ఆ తర్వాత ఉద్యమ్ (చిన్న పరిశ్రమగా నమోదు), ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ దగ్గర నమోదు) కాగితాలు చేయించడం వాళ్ల పని. లోన్ మంజూరైతే వాళ్లకి ఒక్కో కేసుకి ఇంత అని ప్రభుత్వమే ఇస్తుంది, మీ దగ్గర పైసా తీసుకోకూడదు. ఆంధ్రలో ఈ పథకం నడిపేది ఏపీ ఫుడ్ ప్రాసెసింగ్ సొసైటీ. మీ డీఆర్‌పీ ఎవరో గుంటూరులో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగితే చెప్తారు.

పరిశ్రమల కేంద్రం అంటే ఏదో ఫ్యాక్టరీ ఓనర్లు వెళ్లే చోటని మనకో భయం. 1978లో ఈ కేంద్రాలు పెట్టిందే చిన్నవాళ్ల కోసం, ఒకే కప్పు కింద అన్నీ చెప్పడానికి. పైన జనరల్ మేనేజర్ ఉంటారు, ఆయన దాకా వెళ్లక్కర్లేదు. కింద ఇండస్ట్రియల్ ప్రమోషన్ ఆఫీసర్లు ఉంటారు, ఐపీఓ అంటారు, మండలాలు పంచుకుని చూస్తారు. ‘తెనాలి ఎవరు చూస్తారండీ’ అని అడగండి చాలు. సోమవారం మాత్రం వెళ్లకండి, ఆ రోజు కలెక్టరేట్‌లో అర్జీల కార్యక్రమం ఉంటుంది, ఆఫీసర్లు అక్కడే కూర్చుంటారు, మీరు ఖాళీ కుర్చీ చూసి వచ్చేస్తారు. మంగళవారమో బుధవారమో పదిన్నర, పదకొండుకి వెళ్లండి. వెళ్లేటప్పుడు మీ పచ్చడి సీసా ఒకటి తీసుకెళ్లండి. లంచం కాదు బాబూ, సరుకు చూపిస్తే మీరు నిజంగా చేస్తున్న మనిషి అని అర్థమవుతుంది, మాట తీరే మారిపోతుంది.

దానితోపాటు ఒక నోటుబుక్కు. ఇది మీకు విసుగనిపించినా చేయాల్సిందే. గత ఆరు నెలల వాట్సాప్ ఆర్డర్లు, ఫోన్‌పే, గూగుల్‌పేలో వచ్చిన డబ్బు, కొరియర్ రసీదులు, మిరపకాయల కొట్టు బిల్లులు, అన్నీ నెలవారీగా రాయండి. ఎన్ని కిలోల ఆవకాయ, ఎన్ని కిలోల గోంగూర, కిలోకి ఎంత ఖర్చు, ఎంతకి అమ్మారు. అచ్చు వేసిన రిపోర్టు కన్నా బ్యాంకు మేనేజర్ నమ్మేది మీ చేతిరాతనీ, మీ అకౌంట్ స్టేట్‌మెంట్‌నీ. డబ్బులు ఇప్పటిదాకా మావారి నంబరుకి వస్తున్నాయి అంటారేమో, చాలామంది ఇళ్లల్లో అంతే, ఇవాళ్టి నుంచి మీ అకౌంటుకి మార్చండి.

ఇంకో సంగతి, మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. ఆ కారం మిషను నిజంగా కావాలా? నాలుగిళ్ల మధ్య మిరపకాయలు ఆడించడం మొదలుపెట్టిన రోజే పక్కింటి ముసలాయన దగ్గు మొదలవుతుంది, ఎదురింటి పసిపిల్ల తుమ్ములు మొదలవుతాయి, వారం తిరక్కుండా మున్సిపాలిటీకి అర్జీ వెళ్తుంది, పదేళ్ల ఇరుగుపొరుగు పోతుంది. ఇంటి కరెంటు మీద మోటారు నడపడానికీ కుదరదు, దానికి పరిశ్రమ కేటగిరీ కింద వేరే సర్వీసు తీసుకోవాలి. నెలకి 40 వేల అమ్మకంలో పొడులెన్ని, పచ్చళ్లెన్ని? పచ్చళ్లే ఎక్కువైతే ఇప్పుడు ఆడిస్తున్న మిల్లులోనే ఇంకో ఏడాది ఆడించండి, కావాలంటే పొద్దున్నే మిల్లు తీయగానే మీ సరుకు ముందు వేయమని, ముందురోజు ధనియాలో పసుపో ఆడిన వాసన తగలకుండా, ఓ పది రూపాయలు ఎక్కువిచ్చి మాట్లాడుకోండి. మీకు నిజంగా నష్టం వస్తున్నది ఎక్కడో నేను ఊహించగలను: కొరియర్లో నూనె కారి వెనక్కి వచ్చే ప్యాకెట్లు. దానికి కావాల్సింది మంచి సీలింగు మిషను, సరైన కవర్లు, మూత గట్టిగా పట్టే సీసాలు. అవి 4 లక్షలు కావు. షెడ్డు కట్టే బదులు మూడు గదుల పాత ఇల్లు అద్దెకి దొరికితే అదీ ఆలోచించండి. అప్పు తగ్గితే గుండె మీద బరువూ తగ్గుతుంది.

అప్పు లక్షన్నర, రెండు లక్షలకి తగ్గితే ఇంకో దారి తేలికవుతుంది. ముద్రా లోన్. 50 వేల లోపు శిశు, అక్కడి నుంచి 5 లక్షల దాకా కిశోర్. సబ్సిడీ లేదు, కానీ మూడేళ్ల తాళమూ లేదు, కమిటీలూ లేవు, తాకట్టు అడగరు. మిమ్మల్ని ఇల్లు తాకట్టు పెట్టమన్నారు కదా, చిన్న పరిశ్రమలకిచ్చే 10 లక్షల లోపు లోన్లకి తాకట్టు అడగొద్దని రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పింది. ఆ మాట అక్కడ కౌంటర్లో గొడవగా అనొద్దు. ఇలా అడగండి: ‘సార్, తాకట్టు లేకుండా ప్రభుత్వ గ్యారంటీ స్కీము కింద చూడండి, కుదరదంటే ఎందుకు కుదరదో రాసివ్వండి.’ దరఖాస్తు ఇచ్చినప్పుడు తీసుకున్నట్టు రసీదు అడగండి. చిన్న పరిశ్రమలకి 25 లక్షల లోపు లోన్ ఇస్తారో ఇవ్వరో 14 పనిదినాల్లో తేల్చి చెప్పాలని నియమం ఉంది, కానీ రసీదు లేకపోతే ఆ పద్నాలుగు రోజులు ఏ రోజు మొదలయ్యాయో ఎవరు చెప్తారు? నోటి మాటగా తిప్పి పంపిన మనిషే కాగితం అడిగేసరికి ‘కూర్చోండమ్మా’ అంటాడు, నా కళ్లతో చూశాను. అక్కడా కదలకపోతే జిల్లాకి ఒక లీడ్ బ్యాంక్ మేనేజర్ ఉంటారు, ఎల్‌డీఎం అంటారు, ఆయన దగ్గరికి. ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్ అర్జీ. బ్యాంకుకి రాసిన ఫిర్యాదుకి 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా రాయొచ్చు, మీదాకా రాకపోవచ్చు లెండి.

లోన్‌కి వెళ్లేముందు సిబిల్, అంటే పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే రికార్డు, చూసుకోండి. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మీ పేరున ఎప్పుడో తీసుకున్న ఫోన్ ఈఎంఐ, మిక్సీ ఈఎంఐలో ఆఖరి నాలుగొందలు కట్టకుండా ఉండిపోయి స్కోరు పాడైనవాళ్లని ఎంతమందిని చూశానో. ఆటో ఫైనాన్సు వాయిదాలు మీవారివైనా మీరు హామీ సంతకం పెట్టి ఉంటే అదీ మీ ఖాతాలో కనబడుతుంది.

మీరు రాయలేదు గానీ, తెనాలిలో ఒక గృహిణి పొదుపు సంఘంలో లేకుండా ఉంటుందంటే నమ్మలేను. ఉంటే పట్టణాల్లో సంఘాల్ని చూసే మెప్మా తరఫున మీ సంఘానికి ఉండే ఆర్పీని (రిసోర్స్ పర్సన్‌ని) అడగండి. పీఎంఎఫ్ఎంఈలోనే సంఘాల సభ్యులకి సీడ్ క్యాపిటల్ అని ఒకటుంది, ఆహార తయారీ చేసే ఒక్కో సభ్యురాలికి 40 వేల దాకా, చిన్న పనిముట్లకీ, సరుకు కొనుక్కోడానికీ. అది ఫ్రీగా చేతికిచ్చేది కాదు, సమాఖ్య ద్వారా అప్పుగా వచ్చి తిరిగి సంఘానికి కట్టాలి. ఆవకాయ సీజన్‌కి ముందు మిరపకాయలు, నువ్వుల నూనె ఒకేసారి కొనాలంటే చేతిలో డబ్బు ఆడదు కదా, అప్పుడు అక్కరకొస్తుంది. లేదా సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ అప్పు, సంఘాల సభ్యులకి అప్పులిచ్చే స్త్రీనిధి ఉన్నాయి. సంఘంలో అప్పు తీసుకుంటే పదిమంది ముందు మాట పోతుందని కొందరు మొహమాటపడతారు, ఆ ఏజెంటుకి ఖాళీ చెక్కివ్వడం కన్నా అదే నయం.

ఇక మున్సిపాలిటీ. వాళ్లు వచ్చి అడిగితే కంగారు పడాల్సిందేమీ లేదు, తిండి వస్తువులు తయారుచేసి అమ్మేవాళ్లు ట్రేడ్ లైసెన్స్ తీసుకోవాలి, అది వాళ్ల పని వాళ్లు చేశారు. మీ వార్డు సచివాలయానికి వెళ్లండి. 2019 అక్టోబరు 2న మొదలైనప్పటి నుంచి దీని కోసం మున్సిపల్ ఆఫీసు మెట్లు ఎక్కాల్సిన పని తగ్గింది. ట్రేడ్ లైసెన్స్ దరఖాస్తు, ఫీజు ఎంత, ఏ కాగితాలు కావాలి అక్కడే చెప్తారు. అద్దె ఇల్లయితే యజమాని అగ్రిమెంటు, ఇంటిపన్ను రసీదు అడుగుతారు, పన్ను బకాయి ఉంటే ముందు అది కట్టేయండి. రెన్యువల్ ఎప్పుడో అడిగి, ఫోన్లో గుర్తు పెట్టుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి, రసీదు రాని రూపాయి అడిగితే ‘ఆన్‌లైన్‌లో కడతానండీ’ అనేయండి.

ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోకుండా నాలుగేళ్లు అమ్మారంటే మాత్రం కోప్పడతాను. తిండి వ్యాపారంలో అది మొదటి కాగితం. మీ అమ్మకం ఏడాదికి 5 లక్షల లోపే, అంటే పెద్ద లైసెన్స్ అక్కర్లేదు, మామూలు రిజిస్ట్రేషన్ చాలు, దాని ఫీజు ఏడాదికి 100 రూపాయలు. నూరు రూపాయలు! దీనికి నెట్ సెంటర్లో రెండు వేలు, మూడు వేలు తీసుకుంటున్నారు. 14 అంకెల నంబరు వస్తుంది, అది ప్రతి సీసా లేబుల్ మీదా వేయాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అయితే అసలు ఉచితం. 2020 జులై 1 నుంచి ఉంది, ఆధార్, దానికి లింకైన ఫోన్, పాన్ ఉంటే పది నిమిషాల పని, ఏ కాగితమూ అప్‌లోడ్ చేయక్కర్లేదు. గూగుల్‌లో వెతికితే అచ్చం ప్రభుత్వానిదిలాగే ఉండే సైట్లు పైన కనపడి వేలకి వేలు కట్టమంటాయి, చివర జీఓవీ డాట్ ఇన్ అని లేకపోతే మూసేయండి. ఉద్యమ్ ఉంటే ఇంకో లాభం, రేపు మీరు ఏ సూపర్ మార్కెట్‌కో సరుకేస్తే, వాళ్లు నెలల తరబడి డబ్బులు తిప్పితే, 45 రోజులు దాటాక బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీతో వసూలు చేసుకునే హక్కు చట్టంలో ఉంది. 2006 నాటి చట్టం అది. చిన్నవాళ్లు సరుకు పోతుందని భయపడి వాడరు, అది వేరే బాధ.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. హైదరాబాద్ కొరియర్లు. మనకి హైదరాబాద్ అంటే ఇప్పటికీ పెదనాన్నగారి ఊరే, జీఎస్టీకి మాత్రం వేరే రాష్ట్రం. ఆంధ్రలో సరుకు అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తెలంగాణలో అయితే ఆ గీత 20 లక్షల దగ్గరే. కానీ పన్ను పడే సరుకుని రాష్ట్రం దాటించి అమ్మితే ఆ గీతలేవీ పనిచేయవు, మొదటి సీసా నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు నిజమే. లోన్ వచ్చి, కాగితాల మీదకి ఎక్కి, బ్యాంకు స్టేట్‌మెంట్లో బెంగళూరు డబ్బులు కనపడ్డాక అడుగుతారు. కాబట్టి లెక్కేసుకోండి: రాష్ట్రం బయట అమ్మకం సగం అంటున్నారు, అది వదులుకోలేరు, అంటే రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందే, రిటర్నులు వేయడానికి ఒక అకౌంటెంటుకి ఎంతో కొంత ఇవ్వాల్సిందే. ఆ ఖర్చు కిలో ధరలో కలపండి. పచ్చడి రుచి తెలిసిన బెంగళూరు వాళ్లు ఇరవై రూపాయలకి వెనకాడరు.

లేబుల్ మీద పేరు, చిరునామా, తూకం, ధర, తయారుచేసిన నెల, ఏమేమి వేశారో, ఎప్పటిలోగా తినాలో, శాకాహారం పచ్చ గుర్తు ఉండాలి. కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించాలి. ఎన్నాళ్లు నిలవ ఉంటుందో ‘మా అత్తగారి చేతి పచ్చడి ఏడాది ఉంటుంది’ అని రాయడానికి లేదు. దగ్గర్లో బాపట్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ఆహార సాంకేతిక కళాశాల ఉంది, ఒకసారి వెళ్లి పరీక్షల సంగతి అడిగిరండి. గోంగూరలో పులుపు ఎంత, ఉప్పు ఎంత ఉంటే బూజు రాదో వాళ్లు అంకెల్లో చెప్పగలరు.

పచ్చళ్ల పనిలోకి కొత్తగా దిగాలనుకునే పల్లెటూరి ఆడపిల్లలెవరైనా చదువుతుంటే, ప్రతి జిల్లాలో బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ కేంద్రం, ఆర్‌సెటీ అంటారు, ఉంది, భోజనం, వసతితో సహా ఉచితంగా నేర్పిస్తారు. తెలంగాణ వాళ్లు రాస్తూ ఉంటారు మాకేమీ చెప్పరేమని. మీకూ పరిశ్రమల కేంద్రం, పీఎంఎఫ్ఎంఈ, ముద్రా అన్నీ ఇలాగే, వ్యాపారం చేసే ఆడవాళ్లకి తోడుండడానికి హైదరాబాద్‌లో 2018లో పెట్టిన వీ హబ్ అదనం. తోపుడు బండి వాళ్లకిచ్చే స్వనిధి లోన్ గురించి ఇంకోసారి రాస్తాను, అది పెద్ద కథ.

మళ్లీ మీ దగ్గరికి. పీఎంఎఫ్ఎంఈ టార్గెట్ అయిపోయింది అంటే ఏం చేయాలన్నది బాకీ ఉంది. అప్పుడు ముద్రా కిశోర్ కింద సీలింగు మిషను, సీసాలకి సరిపడా మాత్రమే తీసుకోండి. పెద్ద మిషన్లు ఇప్పుడే కొనేసి, తర్వాత పథకం తెరిచాక బిల్లులు చూపిద్దాం అనుకోవద్దు. లోన్ మంజూరు కాకముందు కొన్నవాటిని ప్రాజెక్టులో కలపడం కుదరదంటారు, ఎక్కువమంది బోర్లా పడేది ఇక్కడే. కొటేషన్లు మాత్రం రెండు మూడు చోట్ల తీసుకుని పెట్టుకోండి, వాటికి గడువు తేదీ ఉంటుంది, అది దాటితే బ్యాంకు మళ్లీ తెమ్మంటుంది.

పేరు సంగతి అడిగారు. మీ పేరే. నాలుగేళ్లుగా చెయ్యి కాల్చుకున్నది మీరు, లెక్క మీకు తెలుసు, మేనేజర్ ‘కిలో ఆవకాయకి నూనె ఎంత పడుతుందమ్మా’ అని అడిగితే మీవారు నీళ్లు నములుతారు. ఉద్యమ్, ఎఫ్ఎస్ఎస్ఏఐ, ట్రేడ్ లైసెన్స్, బ్యాంకు ఖాతా అన్నింటిలో ఒకే పేరు, ఒకే చిరునామా, ఇంటిపేరు అక్షరాలతో సహా ఆధార్‌లో ఎలా ఉందో అలాగే ఉండాలి. ఒకదాంట్లో పూర్తి ఇంటిపేరు, ఇంకోదాంట్లో పొడి అక్షరం ఉంటే ఆ ఒక్క అక్షరానికే నెల తిప్పుతారు. కుటుంబంలో ఒకరికే ఇస్తారు కాబట్టి మీవారు ఆటో మీద ఇలాంటి సబ్సిడీ లోన్ ఏదైనా తీసుకుని ఉన్నారేమో మాత్రం ఆయన్ని ఈ రాత్రే అడగండి, ఉంటే ఐపీఓకి ముందే చెప్పేయండి. చెక్కులు స్టాప్ అయ్యాక ఒక లైను రాయండి, నాకూ కాస్త నిద్ర పడుతుంది.